పాడేరు కొండల మీద కాఫీ: నేల కుదిరింది, నెలలు కుదరలేదు

ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమలు చాలాచోట్ల విడివిడి కొండల వరుసలుగానే కనిపిస్తాయి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు మాత్రం ఘాట్ ఎక్కాక మళ్లీ దిగే పని ఉండదు, పైనే నేల పరుచుకుని ఉంటుంది. ఊళ్లు ఎక్కువగా సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల మధ్య ఉంటాయి. వాటి వెనక కొండలు ఇంకో మూడు, నాలుగు వందల మీటర్లు లేస్తాయి. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తైన ఆర్మకొండ, 1,680 మీటర్లు, ఈ గుంపులోదే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, గదబ, పోర్జ, ఖోండు, కొండకమ్మర తెగలవాళ్లు పాడేరు చుట్టుపక్కల 11 మండలాల్లో పక్కపక్క ఊళ్లలో, కొన్నిచోట్ల ఒకే ఊళ్లో వేర్వేరు వీధుల్లో ఉంటారు. సంతకు వెళ్తే తెలుగుతో పాటు ఆదివాసీ ఒరియా, కువి భాషలు వినిపిస్తాయి.

అరకు కాఫీ గురించి ఇప్పటికే బోలెడు రాశారు. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచిన సంగతి, 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. ఆ కథనాల్లో తరచూ జారిపోయే విషయం ఒకటుంది. ఇక్కడి కుటుంబం ఒక్క కాఫీ మీద బతకదు. నాలుగు రకాల నేల మీద బతుకుతుంది, కాఫీ తోట ఆ నాలుగింటిలో ఒకటి. కాఫీ ఈ నేలకు బాగా కుదిరింది. కుదరనిది పంచాంగం: కాఫీ పండే నెలలే వరి కోత నెలలు, వలిసెల (ఒక నూనెగింజ పంట) నూర్పిడి నెలలు. గింజ నాణ్యత, రైతు చేతికొచ్చే ధర, కొత్తగా దిగిన పురుగు బెడద, అన్నీ తిరిగి తిరిగి ఆ నవంబరు, జనవరి మధ్య ఇరుకులోకే వచ్చి పడతాయి.

ఎత్తు చేసే పని

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు గాలి సగటున 6 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. విశాఖలో ఉక్కపోస్తున్న రోజున అరకులో పలచటి దుప్పటి కావాల్సి రావడానికి కారణం అదే. అరబికా కాఫీకి 15 నుంచి 25 డిగ్రీల వాతావరణం హాయి. మన దేశంలో దానికి 1,000 నుంచి 1,500 మీటర్ల ఎత్తు అనువని కాఫీ బోర్డు చెబుతుంది. ఆ లెక్కన పాడేరు ప్రాంతం ఆ కొలతకు అడుగు అంచున ఉన్నట్టే. అయితే చిక్కమగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంటే, ఇది 18 డిగ్రీల దగ్గరుంది. భూమధ్యరేఖకు అంత దూరం జరగడం వల్ల చలికాలం రాత్రులు ఇక్కడ బాగా చల్లబడతాయి, ఎత్తులో ఉన్న కొరత కొంత పూడుతుంది. కాయ నిదానంగా పండుతుంది. నిదానంగా పండిన గింజ గట్టిగా, బరువుగా ఉంటుంది.

చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రి వాలు మీది నుంచి కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. డిసెంబరు, జనవరుల్లో లంబసింగి దగ్గర ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగేది ఇలాంటి పల్లాల్లోనే. పర్యాటకులకు అది వేడుక, లేత కాఫీ మొక్కకు మాత్రం ఆకు మాడే గండం. అందుకే తోట ఎప్పుడూ వాలు మీద ఉండాలి. లోయ అడుగున జాగా ఖాళీగా ఉంది కదా అని నాటిన చోట మొక్క రెండు, మూడు చలికాలాలు దాటడం కష్టం.

నాలుగు మెట్ల నేల

లోయ అడుగున గెడ్డ (కొండవాగు) వెంబడి ఉండేది పల్లం. కొండ ఊటలతో ఏడాది పొడుగునా తడి ఆరని నేల, మెట్లుమెట్లుగా మడులు కట్టి వరి వేస్తారు. ఊరికి ఆనుకుని ఉన్న మెట్ట నేలను గరువు అంటారు. చోడి (రాగి), వలిసెలు, రాజ్‌మా, అల్లం, పసుపు అక్కడివి. కొండవాలు మీద పోడు. దానికి పైనా పక్కనా, చెట్ల నీడలో కాఫీ తోట. ఈ నాలుగూ అందరికీ ఒక్కలా లేవు. పల్లం ఎక్కువగా బగతలు, కొండదొరలు మొదలైన, ముందు నుంచీ లోయల్లో స్థిరపడినవాళ్ల చేతిలో ఉంది. కొండ మీది ఖోండు, పోర్జ ఊళ్లకు పోడే ప్రధానం. కొన్ని ఊళ్ల గుంపు (ముఠా) మీద శిస్తు వసూలు చేసిన ముఠాదారుల కాలంలో లోయ భూములు ఎవరి కింద ఉండేవన్నది ఈ తేడాలో ఇప్పటికీ కనిపిస్తుంది. ముఠాలను రద్దు చేసి రైత్వారీకి మార్చిన నిబంధన వచ్చింది 1969లో. అంటే ఆ వ్యవస్థను కళ్లారా చూసినవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు.

పోడు గురించి మైదానంలో ఉన్న అభిప్రాయం కొంత అన్యాయమైనది. మాఘ, ఫాల్గుణాల్లో పొదలు, చిన్న చెట్లు నరికి ఎండనిస్తారు. వానలకు ముందు కాల్చుతారు. తొలకరికి ఆ బూడిదలో సామ, చోడి, కంది, జొన్న కలిపి విత్తుతారు. ఒకటి ముందు కోతకొస్తే ఇంకొకటి తర్వాత వస్తుంది, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. రెండు, మూడేళ్లు పండించి వదిలేస్తే అడవి మళ్లీ లేస్తుంది. పద్ధతి నిలిచింది ఆ వదిలేసిన ఏళ్ల మీదే. పదేళ్లు బీడు పెట్టే చోట మూడేళ్లకే మళ్లీ నరకాల్సి వస్తే బూడిద తక్కువ, కలుపు ఎక్కువ, మొదటి జడివానకే పైమట్టి గెడ్డలో కలుస్తుంది. బీడు ఏళ్లు తగ్గడానికి జనం పెరగడం ఒక కారణం. అడవికి హద్దులు గీసి పోడుకు వెళ్లే చోటును కుదించడం అంతకన్నా పాత కారణం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద పడిన ఆంక్షలు, గూడెం రోడ్డు పనుల్లో వెట్టి, ఈ రెండే 1922లో ఇక్కడి జనాన్ని అల్లూరి సీతారామరాజు వెనక నడిపించాయి. ఆ ఏడు ఆగస్టు 22న మొదట దాడి జరిగింది చింతపల్లి పోలీసు స్టేషను మీదే.

వలిసెల సంగతి వేరుగా చెప్పాలి. అక్టోబరు, నవంబరుల్లో గరువులన్నీ పసుపుపచ్చగా మారి ఫొటోలకు జనం ఎగబడే పంట అది. ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తితే పెద్దగా ఎరువు అడగదు, నూనె 35 నుంచి 40 శాతం దిగుతుంది. దీని పువ్వు తన పుప్పొడితో తాను కాయ కట్టలేదు, తేనెటీగ పక్క మొక్క నుంచి తేవాలి. కాబట్టి తేనెటీగలు తగ్గిన చోట పువ్వు నిండుగా ఉన్నా గింజ తాలుగా వస్తుంది. రెండో శత్రువు బంగారు తీగ. వేరు లేకుండా వలిసె మొక్కను చుట్టుకుని దాని రసం పీల్చే పరాన్న తీగ ఇది. దాని విత్తనం వలిసె విత్తనం కన్నా సన్నగా, గుండ్రంగా ఉంటుంది. మిల్లీమీటరు కన్నుల జల్లెడ పట్టి విత్తితే చాలావరకు పోతుంది. సంతలో దొరికిన గింజను అలాగే చల్లితే మరుసటేడు ఆ గరువులో సగం పంట తీగదే.

నీడలో తోట

కాఫీ ఈ కొండలకు ముందు దక్షిణపు అంచున వచ్చింది. 1898లో తూర్పుగోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో ఆంగ్లేయులు నాటారు. 1920ల్లో అరకు, పాడేరు, చింతపల్లి వైపు పాకింది. 1960ల్లో అటవీశాఖ తన భూముల్లో పెద్దఎత్తున వేయించింది, అవి 1985లో అటవీ అభివృద్ధి సంస్థకు వెళ్లాయి. గిరిజనుల సొంత తోటలు విస్తరించింది ఆ తర్వాతే. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పోడు భూముల్లో నీడ చెట్లు, కాఫీ మొక్కలు ఇప్పించింది. ఆలోచన తేలికగానే అర్థమవుతుంది: ఎలాగూ మూడేళ్లకోసారి కాలుతున్న వాలు మీద పందిరిలా చెట్లు నిలబెడితే మట్టి ఆగుతుంది, కుటుంబానికి ఏటా డబ్బు చేతికొస్తుంది.

నాటే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు, గడువు తప్పితేనే చిక్కు. డిసెంబరు, జనవరుల్లో పండిన కాయ నుంచి తీసిన విత్తనాన్ని నారుమడిలో పెడితే 45 రోజుల్లో మొలుస్తుంది. గింజ తలమీద గుండీలా నిలబడ్డ దశలోనే తీసి పాలిథిన్ సంచుల్లోకి మార్చాలి. సంచికి అడవి మట్టి ఆరు పాళ్లు, పశువుల ఎరువు రెండు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు. వేసవి జల్లులకు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంతలు తీసి ఆరనిచ్చి, వానలు కుదురుకున్నాక నాటాలి. ఆరు అడుగుల ఎడంతో ఎకరాకు 1,210 మొక్కలు, ఏడు అడుగులైతే 889 పడతాయి. రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచితే పక్క కొమ్మలు బలపడతాయి. ఆ తుంచడం వదిలేసిన తోటల్లో చెట్టు నిటారుగా పెరిగిపోతుంది, పై కాయ అందక కొమ్మ వంచి విరుస్తారు. మొదటి లెక్కకొచ్చే కాపు నాలుగో ఏట.

నీడకు ఎక్కువగా సిల్వర్ ఓక్ వేశారు. ఆస్ట్రేలియా చెట్టు, త్వరగా పెరుగుతుంది, నిటారుగా ఉంటుంది, మిరియాల పాదు ఎక్కించడానికి బాగుంటుంది. మంచి ఏడు మిరియాల డబ్బు కాఫీని మించిపోయిన ఇళ్లున్నాయి. కానీ దాని ఆకు నిదానంగా కుళ్లుతుంది. తోటంతా ఆ ఒక్క చెట్టే ఉంటే పండు లేదు, పశువుకు మేత లేదు, పక్షి కూడా తక్కువ. పనస, మామిడి, నేరేడు అలాగే ఉంచి మధ్యలో సిల్వర్ ఓక్ వేసిన తోటలు చూడ్డానికి చిందరవందరగా ఉంటాయి గానీ అవే నయం. నీడ పలచబడితే ఎండకు తెల్ల కాండం తొలిచే పురుగు వస్తుంది. బెరడు పగుళ్లలో గుడ్లు పెట్టి లోపలికి తొలుస్తుంది, కాండం మీద ఉంగరాల్లా ఉబ్బులు తేలతాయి. అది పట్టిన చెట్టును బతికించే మందు లేదు. వేరుతో పీకి కాల్చాల్సిందే. నీడ మరీ చిక్కబడితే ఆకు తుప్పు తెగులు. దానికి అర శాతం బోర్డో మిశ్రమం, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కలిపాక ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తికి రాగి రంగు అంటుకుంటే సున్నం చాలలేదని అర్థం, అలాగే కొడితే ఆకు మాడుతుంది.

కోసిన రోజు నుంచి

మార్చి, ఏప్రిల్‌లో 25 నుంచి 40 మిల్లీమీటర్ల జల్లు పడితే వారం పది రోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది. ఆ జల్లు ఒక్కసారి గట్టిగా పడ్డ ఏడు కాయ దాదాపు ఒకేసారి పండుతుంది. విడతలు విడతలుగా పడితే ఒకే కొమ్మ మీద ఎర్రపండు, దోరకాయ, పచ్చికాయ మూడూ ఉంటాయి. ఈమధ్య రెండో రకం ఏళ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. అలాంటప్పుడు పది, పదిహేను రోజుల ఎడంతో నాలుగైదు సార్లు తోట తిరిగి పండు మాత్రమే కోయాలి.

ఇక్కడే లెక్క ఇరుకున పడుతుంది. చాలా గిరిజన తోటల్లో ఎకరాకు వంద కిలోల క్లీన్ కాఫీ (మిల్లు పట్టిన గింజ) దరిదాపుల్లోనే దిగుబడి. కిలో క్లీన్ కాఫీకి 6 కిలోల పండు కావాలి, అంటే ఎకరా మీద 600 కిలోల పండు. అయిదు విడతల్లో కోస్తే విడతకు 120 కిలోలు. ఇద్దరు మనుషులు వాలు మీద చెట్టు చెట్టుకూ తిరిగి ఎంచి కోస్తే రెండు, మూడు రోజుల పని. అదే వారంలో పల్లంలో వరి పండి ఒరుగుతూ ఉంటుంది, గరువులో వలిసెలు కోసి కుప్ప వేయాలి, రాజ్‌మా కాయ ఎండి పగలడానికి సిద్ధంగా ఉంటుంది. వరి ఏడాది తిండి. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే వరి దగ్గరికే పరుగెత్తాలి. కాఫీ చెట్టు మీద ఇంకో వారం ఆగుతుంది కదా అనిపిస్తుంది. ఆగుతుంది, పండు మాత్రం నల్లబడి ఎండుతుంది, కొంత రాలుతుంది. చివరికి తీరిక దొరికిన రోజున కొమ్మ పట్టి ఒక్క దులుపు దులిపేస్తారు. పచ్చికాయ కలిసిన బస్తా అలా తయారవుతుంది. దీన్ని రైతుకు అవగాహన లేకపోవడంగా రాసే నివేదికలు ఎక్కువ. ఎర్రపండు, పచ్చికాయ తేడా తెలియని కాఫీ రైతు ఈ కొండల మీద ఉండడు. లేనిది చేతులు.

కోసిన పండును ఆ రోజే తోలు తీయాలి. రాత్రంతా బస్తాలో కుక్కి ఉంచితే లోపల వేడెక్కి పులుస్తుంది, ఆ పులుపు గింజలోకి దిగితే ఎన్ని నీళ్లు పోసి కడిగినా పోదు. ముందు పండును నీళ్లలో పోస్తే తాలు, ఎండినవి, పురుగు తొలిచినవి తేలతాయి. వాటిని తీసి వేరుగా ఎండేయాలి. తర్వాత చేత్తో తిప్పే బేబీ పల్పర్. దాని సందు పండు సైజును బట్టి బిగించుకోవాలి. ఎక్కువ బిగిస్తే గింజ చిట్లుతుంది, వదులైతే తోలు ఊడని పండు కింద పడుతుంది. మొదటి విడత పండు లావుగా, చివరి విడత సన్నగా ఉంటుంది గనక సీజన్లో ఒక్కసారి బిగించి వదిలేస్తే చాలదు. ఊరందరికీ ఒకటే యంత్రం ఉన్న చోట వంతు వచ్చేసరికి రాత్రవుతుంది, చీకట్లో ఎవరూ సందు చూడరు.

తోలు ఊడిన గింజ చుట్టూ జిగురు ఉంటుంది. అది వదలడానికి తొట్టెలో 24 నుంచి 36 గంటలు మగ్గబెట్టాలని అంటారు. కర్ణాటక నుంచి వచ్చిన లెక్క అది. ఇక్కడ డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి దిగినప్పుడు మగ్గడం మందగిస్తుంది, ఒక్కోసారి 48 గంటలూ పడుతుంది. గడియారం కన్నా చెయ్యి నయం. గుప్పెడు గింజలు తీసి నీళ్లలో నలిపితే జారకుండా గులకరాళ్లలా గరుకుగా తగలాలి. కుప్పలో కర్ర గుచ్చి తీస్తే ఆ బొక్క పూడకుండా నిలవాలి. అప్పుడు మూడు, నాలుగు నీళ్లు మార్చి కడగాలి. ముందే కడిగితే జిగురు మిగిలి ఎండేటప్పుడు బూజు పడుతుంది. ఆలస్యమైతే కుళ్లు వాసన వస్తుంది. అలాంటి గింజ ఒక్కటి పడినా కప్పు మొత్తం పాడవుతుందని రుచి చూసేవాళ్లు చెబుతారు. కడిగిన నీరు పుల్లటిది. గెడ్డలోకి నేరుగా వదిలితే కింది ఊరి తాగునీటిలో కలుస్తుంది కాబట్టి గుంతలో ఇంకనివ్వాలి, తోలును పేడతో కలిపి ఎరువు చేసుకోవచ్చు.

ఎండబెట్టడం వినడానికి సులువైన పని. పొద్దున తొమ్మిది, పది దాకా పొగమంచు, సాయంత్రం నాలుగుకే చల్లదనం. మధ్యలో ఉండే ఎండ అయిదారు గంటలే. నేల మీద పరిస్తే మట్టివాసన, పేడ అలికిన కల్లంలో పరిస్తే ఆ వాసన పడుతుంది. నేలకు రెండు, మూడు అడుగుల ఎత్తులో వెదురు మంచె కట్టి దాని మీద వల పరిచి ఆరబోస్తే కింద నుంచి కూడా గాలి తగులుతుంది. మొదటి రోజుల్లో పలచగా, తర్వాత నాలుగైదు సెంటీమీటర్ల మందం. గంటకోసారి కలియబెట్టాలి. మరీ మధ్యాహ్నపు ఎండలో కదపకుండా వదిలితే పైపొర పగులుతుంది. మంచు పడకముందే కుప్ప చేసి కప్పాలి. ఇలా ఎనిమిది నుంచి పన్నెండు రోజులు, తేమ 10 శాతానికి దిగేదాకా. వంద కిలోల పండు చివరికి 20 కిలోల పార్చ్‌మెంటు (పైపొరతో ఉన్న ఎండు గింజ), మిల్లు పట్టాక 16 కిలోల క్లీన్ కాఫీ అవుతుంది. ఇంత శ్రమపడ్డాక కూడా చెడిపోయే చోటు ఇంకోటి ఉంది, సంచి. ఇంట్లో ఉన్నవి నిన్నటిదాకా పసుపు, అల్లం మోసిన గోనెలు. కాఫీ గింజ ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. ఉతికి ఆరేసిన గోనె గానీ కొత్త సంచి గానీ లేకపోతే పన్నెండు రోజుల పని ఒక్క రాత్రిలో పసుపు వాసన కొడుతుంది.

ఇదంతా చూశాక పండును తోలుతోనే ఎండబెట్టి చెర్రీగా అమ్మే ఇళ్లు ఇన్ని ఎందుకున్నాయో అడగాల్సిన పని ఉండదు. నీళ్లు అక్కర్లేదు, యంత్రం వంతు అక్కర్లేదు, వరి నూర్చుకుంటూ పక్కన ఎండేయొచ్చు. మిల్లులో సగానికి సగం తోలు పోతుంది గనక కిలో ధర పార్చ్‌మెంటు కన్నా చాలా తక్కువ. ఆ తేడాను కుటుంబం కూలి కింద రాసుకుంటుందంతే. మంచి ధర చెబితే చాలు అందరూ పార్చ్‌మెంటుకు మారతారన్న అంచనా ఇందుకే ప్రతిసారీ తప్పుతుంది. చేయాల్సింది పండును తోట దగ్గరే కొని, ఒక చోట తోలు తీసి, ఒకే పద్ధతిలో ఎండబెట్టడం. సహకార సంఘాలు, కొన్ని సంస్థలు అలా కొంటున్న ఊళ్లలో దులుపుడు తగ్గింది. కారణం శిక్షణ కన్నా సూటిగా ఉంది: పచ్చికాయను తూకం దగ్గరే వెనక్కి ఇచ్చేస్తారు, డబ్బు ఆ వారమే చేతికొస్తుంది, ఇంట్లో పన్నెండు రోజుల పని తప్పుతుంది.

భూమి ఎవరిది

కొడగు, చిక్కమగళూరుల్లోలా ఇక్కడ వందల ఎకరాల ఎస్టేట్లు ఎందుకు లేవన్న ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. ఏజెన్సీ భూములు మైదానం వాళ్ల చేతుల్లోకి పోకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దాన్ని సవరించిన 1/70 మరీ గట్టిది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందే భావిస్తుంది, కాదని నిరూపించుకునే భారం ఉన్నవాడిదే. అమ్మదలిస్తే గిరిజనుడికి గానీ గిరిజన సహకార సంఘానికి గానీ అమ్మాలి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఆ నిబంధనలోని వ్యక్తి అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది. కాబట్టి ప్రైవేటు గనులకు ప్రభుత్వ భూమిని కూడా లీజుకు ఇవ్వకూడదు. ఆ కేసు పుట్టింది బొర్రా చుట్టుపక్కల అనంతగిరి మండలం ఊళ్లలోనే.

గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల నెత్తిన అల్యూమినియం ఖనిజం బాక్సైటు ఉంది. ఆ కొండల నెత్తిన ఇంకిన వాననీరే కింద వాలుల్లో ఊటలై గెడ్డల్లోకి వస్తుంది. గోస్తని ఇక్కడ పుట్టి తాటిపూడి జలాశయం ద్వారా విశాఖకు తాగునీరవుతుంది. మత్స్యగుండం మీదుగా పారే మాచ్‌ఖండ్ కిందికి వెళ్లి సీలేరు, ఆపైన శబరిలో కలిసి గోదావరిని చేరుతుంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి పనిచేస్తోంది. దాని చుట్టుపక్కల కొండ ఊళ్లకు కరెంటు వచ్చింది ఎంతో ఆలస్యంగా.

చట్టం భూమిని కాపాడింది. దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. తోటలు ఎకరం, రెండెకరాల ముక్కలు. ఎస్టేటులో ఒక పల్పింగ్ హౌస్, ఒక మేస్త్రీ, ఒక ఆరబెట్టే కల్లం ఉంటాయి, ఇక్కడ ప్రతి ఇల్లూ ఒక పల్పింగ్ హౌస్. నాణ్యత ఇంటింటికీ మారడం అందులోంచి వచ్చిందే. దీనికి మందు 1/70ని సడలించడమని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనలో తూకం లేదు. లేనిది ఉమ్మడి యంత్రం, దారి, సమయానికి డబ్బు. భూమి అమ్మితే ఆ మూడూ రైతుకు రావు, కొన్నవాడికి వస్తాయి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఏటా సీజను ముందు ధర ప్రకటిస్తుంది, దాంతో ప్రైవేటు వ్యాపారి అంతకన్నా మరీ కిందికి దిగలేడు. అయితే వానాకాలంలో ఇంట్లో జబ్బు చేస్తే అడ్వాన్సు ఇచ్చేది సంత వ్యాపారే. నవంబరులో కాయ అతనికే పోతుంది, అతని తూకానికి, తేమ పేరుతో అతను తీసే తరుగుకు. గంజాయి ఈ కొండల్లోకి వచ్చింది కూడా ఇలాంటి అడ్వాన్సు దారిలోనే. విత్తనం, పెట్టుబడి బయటివాడివి, కేసు మాత్రం గిరిజనుడి మీద. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో ఆ పంటను నరికి కాల్చారు. నరికిన నేలలో కాఫీ వేస్తే కాపు నాలుగేళ్లకు గానీ రాదు. ఆ నాలుగేళ్లు గరువులో రాజ్‌మా, చోడి, పసుపే ఇల్లు నడపాలి. ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు చాలావాటిలో ఈ నాలుగేళ్ల ఖాళీ కనిపించదు.

కొత్త పురుగు, పాత నెలలు

2025లో అరకులోయ మండలంలో కాఫీ కాయ తొలిచే పురుగు బయటపడింది. మన దేశంలో దీన్ని మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరు దగ్గర గుర్తించారు. ఆంధ్ర తోటలు అప్పటినుంచి 2025 దాకా దానికి అంటకుండా ఉన్నాయి. పిన్ను తల కన్నా చిన్న నల్ల పురుగు, కాయ బొడ్డు దగ్గర సన్న బెజ్జం చేసి లోపలికి దూరి గింజలోనే గుడ్లు పెడుతుంది. లోపల ఉన్నంతసేపు మందు తగలదు. పురుగు పట్టిన తోటల్లో కాయ కోయించి, మరిగే నీళ్లలో ముంచి, పాతిపెట్టించారు. రైతుకు పరిహారం ఇచ్చారు.

పురుగు కదిలేది ఎగిరి తక్కువ, సంచిలో ఎక్కువ. ఒక ఊరి గోనెలు ఇంకో ఊరికి వెళ్లడం, పచ్చి పండును మండలం దాటించి తోలు తీయడం ఆపాలి. గోనెలను వేడినీళ్లలో ముంచి ఆరబెట్టాలి. గింజను చెప్పిన తేమకు దింపితే నిల్వలో అది పిల్లలు పెట్టలేదు. సరిగా ఎండని చెర్రీ గది మూలలో ఉంటే వేసవి అంతా అక్కడే బతుకుతుంది. మద్యసారం కలిపిన ఎర సీసాలు తోటలో కడితే ఆడపురుగులు పడతాయి, బవేరియా శిలీంధ్రం చల్లితే కొంత పోతాయి. ఇవన్నీ సాయపడేవే. అసలు పని మాత్రం కోత అయ్యాక చెట్టు మీద ఒక్క కాయ, నేల మీద ఒక్క కాయ లేకుండా ఏరడం. పురుగు ఒక సీజను నుంచి ఇంకో సీజనుకు దాటేది ఆ మిగిలిన కాయల్లోనే. అకాల జల్లులకు అక్కడక్కడ పూసి కాచినవి కూడా దానికి వంతెనే, వాటినీ తీసేయాలి.

ఏరుడు పని వచ్చేది ఫిబ్రవరిలో. అప్పటికి కాఫీ డబ్బు వచ్చి వెళ్లిపోయి ఉంటుంది, పోడు నరికే పని, కింద మైదానంలో కూలి పనులు మొదలవుతాయి. రాలిన కాయ కిలోల లెక్కన తీస్తే వచ్చే డబ్బు ఆ రోజు కూలికి సరిపోదు. కాబట్టి ఏరుడుకు వేరే కూలి కట్టాలి, ఉపాధి హామీ పనిదినాల్లో చేర్చినా సరే. సిల్వర్ ఓక్ తోటలో ఆకు జానెడు మందాన పడి ఉంటుంది, అందులో కాయ వెతకడం కన్నా అసలు పడనివ్వకపోవడం తేలిక. కోసేటప్పుడే చెట్టు కింద టార్పాలిన్ పరిస్తే రాలిన ప్రతి కాయా దాని మీదే ఉంటుంది. సంస్థలు ఇచ్చే టార్పాలిన్ ఇంటికి ఒకటి. అది మంచె మీద గింజను కప్పడానికే ఉంది, దాన్ని తీసుకెళ్లి చెట్టు కింద పరిస్తే ఆ సాయంత్రం పార్చ్‌మెంటు మంచులో తడుస్తుంది. ఎకరం తోట ఉన్న ఇంటికి కనీసం మూడు కావాలి: కప్పడానికి ఒకటి, ఇద్దరు కోసేవాళ్ల వెంట జరుపుకుంటూ పోవడానికి రెండు.